కార్లలోకి ఓపెన్ సోర్స్: తెర వరకేనా, బ్రేకుల దాకానా?

ప్రశ్న అడిగినవారు: గోల్కొండ_ఈసీయూ

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక వాహన సాఫ్ట్‌వేర్ కేంద్రంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. తలుపుల తాళాలు, వైపర్లు, లైట్లను నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూలుకు, వాహన రంగపు ప్రామాణిక సాఫ్ట్‌వేర్ వేదిక అయిన ఆటోసార్ క్లాసిక్ మీద సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఏ అవసరం కోసం ఏ ఫంక్షను రాశామో, దానిని ఏ పరీక్షతో సరిచూశామో, ఎవరు ఆమోదించారో చూపించకుండా మా దగ్గర ఒక్క లైను కూడా బండిలోకి వెళ్లదు. ఈ మధ్య మా విభాగంలో చాలామందిని లినక్స్ అనే ఓపెన్ సోర్స్ (కోడును ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల) ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారిత ప్రాజెక్టులకు మార్చారు. తరువాతి విడతలో నన్ను కూడా మార్చవచ్చు.

పని మారుతున్నందుకు నాకు బాధ లేదు, కానీ కొన్ని సందేహాలు తీరడం లేదు. ఇంజిన్ కాలిబ్రేషన్ పట్టికను సొంత సరఫరాదారుకు కూడా పూర్తిగా చూపించని కంపెనీలు, తమ పోటీదారులతో కలిసి ఒకే కోడును బహిరంగంగా రాయడానికి ఎందుకు ముందుకొస్తున్నాయి? ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది రాసిన లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు, వాహన భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 కోరే ఆధారాలను ఎవరు, ఎలా చూపిస్తారు? ఇప్పుడు తెర మీద పాటలకు, మ్యాపులకు పరిమితమైన లినక్స్ రేపు బ్రేకులు, స్టీరింగు దాకా వెళుతుందా? వీటితోపాటు లైసెన్సుల సంగతి ఒకటి ఉంది. క్లయింటు పంపిన పత్రంలో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు మూడవ వెర్షను ఉన్న ఏ ప్యాకేజీనీ వాడరాదని రాసి ఉంది కానీ కారణం రాయలేదు. ఈ రంగంలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: పాత_ఫర్మ్‌వేర్

గోల్కొండ గారూ, మీ మొదటి సందేహానికి జవాబు కంపెనీల ఉదారతలో లేదు, వాటి ఖర్చుల లెక్కలో ఉంది. 2000ల మధ్యకాలం వరకు కారులోని ఆడియో యూనిట్ ఒక పెట్టె. దానిని ఒక సరఫరాదారు సాఫ్ట్‌వేర్‌తో సహా తయారుచేసి ఇచ్చేవాడు. తరువాతి మోడలుకు సరఫరాదారు మారితే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ మొదటి నుంచి రాయవలసి వచ్చేది. బ్లూటూత్, యూఎస్‌బీ, నావిగేషన్, ఫోనుతో అనుసంధానం ఒక్కొక్కటే వచ్చి చేరిన కొద్దీ, ఏ కొనుగోలుదారూ ప్రత్యేకంగా మెచ్చుకోని ఆ పునాది పనికే బడ్జెట్‌లో పెద్ద భాగం పోయేది. బ్లూటూత్ స్టాక్ బాగుందని ఎవరూ కారు కొనరు, అది పనిచేయకపోతే మాత్రం షోరూముకు వచ్చి గొడవ పెడతారు. ఇటువంటి పనిని పది కంపెనీలు విడివిడిగా చేయడంలో అర్థం లేదని 2009లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, పీఎస్‌ఏ వంటి సంస్థలు ఇంటెల్, విండ్ రివర్ తదితరులతో కలిసి జెనివి అలయన్స్‌ను స్థాపించాయి. 2021లో దాని పేరు కొవెసాగా మారింది.

జెనివి ప్రధానంగా ప్రమాణాలను, విడి భాగాలను ఇచ్చింది. పూర్తిగా నడిచే వ్యవస్థను ఇవ్వాలన్న ప్రయత్నం 2012లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ (ఏజీఎల్) పేరుతో మొదలైంది. టయోటా దానికి గట్టిగా అండగా నిలిచింది. 2018 మోడల్ కామ్రీతో మొదటిసారిగా ఏజీఎల్ అమెరికా మార్కెట్లోని కార్లలోకి వచ్చింది. ఒక ఉత్పత్తికి కావలసిన సాఫ్ట్‌వేర్‌లో దాదాపు 70 శాతం ఉమ్మడి కోడుగా తాము ఇస్తామని, మిగిలినది ఎవరి ముద్ర వారు వేసుకోవడానికి వదిలిపెడతామని ఏజీఎల్ వారు చెబుతారు. ఈ నిష్పత్తి ప్రాజెక్టును బట్టి మారుతుంది కానీ, ఆలోచన మాత్రం సరైనదేనని నా అనుభవం. ఇక్కడ ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది దానిని ఆండ్రాయిడ్ ఆటోతో కలగలుపుతారు. ఆండ్రాయిడ్ ఆటో మీ ఫోనులో నడుస్తూ కారు తెరమీద కనిపిస్తుంది. 2020లో పోల్‌స్టార్ 2తో మార్కెట్లోకి వచ్చిన ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ కారులోనే నడుస్తుంది. దాని పునాది కోడు ఓపెన్ సోర్స్, దానిపైన వచ్చే గూగుల్ మ్యాప్స్, ప్లే స్టోర్ వంటివి మాత్రం విడిగా ఒప్పందం చేసుకుని తీసుకోవలసినవి. కాబట్టి ఏదైనా కారు ఆండ్రాయిడ్‌తో నడుస్తుందని విన్నప్పుడు, అందులో ఎంత భాగం తెరిచి ఉందో విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. భద్రతకు, ఓపెన్ సోర్స్‌కు సహజ వైరం ఏమీ లేదు. ఎక్లిప్స్ థ్రెడ్‌ఎక్స్‌ను చూడండి. మైక్రోసాఫ్ట్ చేతిలో అజూర్ ఆర్టాస్‌గా ఉన్న ఆ చిన్న రియల్ టైమ్ (నిర్ణీత సమయంలోనే స్పందించే) ఆపరేటింగ్ వ్యవస్థను 2023 చివరలో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించారు. అప్పటికే దానికి ఐఎస్ఓ 26262లో ఎ నుంచి డి వరకు ఉండే ఏసిల్ భద్రతా స్థాయిల్లో అత్యున్నతమైన ఏసిల్-డి వరకు ధ్రువీకరణ ఉంది. కోడు అందరికీ తెరవడం వల్ల దాని భద్రతకు లోటు రాలేదు. అది చిన్నది, మొదటి నుంచీ ఆధారాలతో, ఒక క్రమంతో రాసినది. లినక్స్ కెర్నెల్ సంగతి వేరు. అందులో 3 కోట్లకు పైగా లైన్లు ఉన్నాయి. మీరు చెప్పిన పద్ధతిలో, ఒక అవసరానికి ఒక డిజైను, దానికి ఒక పరీక్ష అన్న గొలుసు అందులో ఎన్నడూ లేదు. సమీక్ష కఠినంగానే జరుగుతుంది, కానీ అది ఈమెయిల్ చర్చల రూపంలో ఉంటుంది తప్ప ఆడిటరు ముందు పెట్టగల పత్రాల రూపంలో ఉండదు. ఈ లోటును ఎలా పూడ్చాలో అధ్యయనం చేయడానికే 2019లో లినక్స్ ఫౌండేషన్ ఎలీసా ప్రాజెక్టును మొదలుపెట్టింది.

అందువల్ల ఇప్పటికి ఆచరణలో ఉన్న మార్గం విభజన. ఒక డిజిటల్ క్లస్టరును (డ్రైవరు ముందుండే మీటర్ల తెరను) తీసుకుందాం. అందులో వేగం ముల్లును, మ్యాపును, పాట పేరును లినక్స్ గీస్తుంది. బ్రేకు హెచ్చరిక దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం వంటివి సరిగా వెలిగాయా లేదా అన్నది మాత్రం అదే చిప్పులో విడిగా ఉండే భద్రతా కోర్ గానీ, పక్కన ఉండే చిన్న మైక్రోకంట్రోలరు గానీ చూసుకుంటుంది. తెరమీద నిజంగా ఏ పిక్సెళ్లు పడ్డాయో అది సరిపోల్చుకుని, తేడా వస్తే తానే రంగంలోకి దిగుతుంది. రివర్స్ కెమెరా ఇంకొక ఉదాహరణ. అమెరికా భద్రతా నియమం ప్రకారం గేరు రివర్సులోకి వేసిన 2 సెకన్లలోపు వెనుక దృశ్యం తెరమీదికి రావాలి. బండి స్టార్టు చేసిన వెంటనే రివర్స్ వేస్తే లినక్స్ అప్పటికి పూర్తిగా లేచి ఉండకపోవచ్చు కాబట్టి, ఆ చిత్రం దానికోసం వేచి ఉండకుండా వేరే దారిలో వచ్చేలా డిజైను చేస్తారు. లినక్స్ ఆగిపోయినా బండి సురక్షితంగా ఉండేలా గీత గీయడమే ఈ రంగంలో అసలైన ఇంజినీరింగు.

ఆ గీత నెమ్మదిగా జరుగుతున్న మాట కూడా నిజమే. కెర్నెల్‌ను రియల్ టైమ్ పనులకు అనువుగా మార్చే ప్రీఎంప్ట్-ఆర్టీ మార్పులు ఏళ్ల తరబడి బయటే ఉండి, చివరికి 2024లో 6.12 వెర్షనుతో ప్రధాన కెర్నెల్‌లో చేరాయి. రెడ్ హ్యాట్ సంస్థ లినక్స్ ఆధారిత తన ఇన్-వెహికల్ వ్యవస్థకు 2025లో ఏసిల్-బి ధ్రువీకరణ సాధించింది. ఇది పెద్ద అడుగే. అయితే బి నుంచి డి వరకు దూరం చాలా ఉంది. బ్రేకును స్వయంగా నొక్కే ఈసీయూ (నియంత్రణ కంప్యూటరు) లోకి మొత్తం లినక్స్‌ను తీసుకురావలసిన అవసరం ఏమిటో ఇప్పటివరకు నాకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు. అక్కడ చిన్న కోడే మేలు.

సమాధానం: లైసెన్సు_చదువరి

పై వివరణకు లైసెన్సుల సంగతి జోడిస్తాను. నేను ఒక సరఫరా సంస్థలో ఓపెన్ సోర్స్ నిబంధనల అమలును చూస్తాను.

లినక్స్ కెర్నెల్ జీపీఎల్ రెండవ వెర్షను కింద ఉంది. ఆ బైనరీని కారులో పెట్టి అమ్మినవారు, కోరినవారికి దాని సోర్స్ కోడును ఇవ్వాలి. 2007లో వచ్చిన మూడవ వెర్షను ఇంకొక షరతు చేర్చింది. గృహ వినియోగ వస్తువులలో ఆ కోడు ఉంటే, యజమాని దానిని మార్చి తిరిగి అదే వస్తువులో ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం కూడా ఇవ్వాలి. కార్ల తయారీదారులు సంతకం లేని సాఫ్ట్‌వేర్ బండిలో నడవకుండా సెక్యూర్ బూట్‌తో బిగిస్తారు. మార్చిన సాఫ్ట్‌వేర్‌తో నడిచిన బండి ప్రమాదానికి గురైతే బాధ్యత తమ మెడకు చుట్టుకుంటుందన్నది వారి భయం. మీ క్లయింటు పత్రంలోని నిషేధానికి కారణం ఇదే.

ఈ నిషేధానికి ఒక మూల్యం ఉంది, దాని గురించి చర్చ జరగడం లేదన్నదే నా ఆవేదన. ఆదేశాలు టైప్ చేసే బాష్ షెల్ వంటి అనేక లినక్స్ పనిముట్లు ఎప్పుడో మూడవ వెర్షనుకు మారిపోయాయి. దానిని వద్దనుకున్న బృందాలు లైసెన్సు మారకముందు నాటి పాత వెర్షన్లను పట్టుకుని వేలాడేవి. పరికరాలకు తగిన లినక్స్‌ను నిర్మించుకునే యోక్టో ప్రాజెక్టులో ఈ పాత వెర్షన్ల కోసమే మెటా-జీపీఎల్‌వీ2 అనే ప్రత్యేక లేయరు ఉండేది. అసలు ప్రాజెక్టు నుంచి భద్రతా సవరణలు ఆగిపోయిన కోడును, న్యాయవిభాగం ఆమోదించిందన్న ఒక్క కారణంతో బండిలో పెట్టడం నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు. బిజీబాక్స్, టాయ్‌బాక్స్ వంటి ప్రత్యామ్నాయాలకు మారడమో, ఆ పనిముట్టు ఉత్పత్తిలో అసలు అవసరమా అని ప్రశ్నించి తీసివేయడమో మేలు. డీబగ్గింగు కోసం పెట్టినవి చివరి ఇమేజీలో ఉండిపోవడం తరచుగా చూస్తుంటాను.

మీరు రేపు రాయబోయే కోడుకు సంబంధించి ఒక ఆచరణాత్మక సూచన. కెర్నెల్ మాడ్యూలు రాసేముందు, కెర్నెల్ వెలుపల నడిచే ప్రోగ్రాము రాసేముందు, ఒక లైబ్రరీని స్టాటిక్‌గా (ప్రోగ్రాములోనే భాగంగా) కలిపేముందు, ఆ మూడింటికీ లైసెన్సుపరంగా ఉన్న తేడాను తెలుసుకోండి. బీఎండబ్ల్యూ నుంచి వచ్చి ఇప్పుడు కొవెసాలో ఉన్న వీసమ్‌ఐపీ (వాహన భాగాల మధ్య సందేశాలు పంపే సాఫ్ట్‌వేర్) వంటి వాటికి మొజిల్లా లైసెన్సు ఉంది. ఆ ఫైళ్లలో మీరు చేసిన మార్పులను మాత్రమే తెరవాలి, మీ సొంత ఫైళ్లను తెరవనక్కరలేదు. వాహన రంగానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ప్రతి ప్యాకేజీ పేరు, వెర్షను, లైసెన్సులతో కూడిన సాఫ్ట్‌వేర్ జాబితాను ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో బిల్డుతోపాటే తయారుచేయించండి. ఉత్పత్తికి వారం ముందు కూర్చుని చేతితో రాస్తే అది సరిగా రాదు.

టెస్లా ఉదంతం తెలియకపోతే చదవండి. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ చాలాకాలం సంప్రదింపులు జరిపిన తరువాత, 2018లో టెస్లా తన కార్లలోని లినక్స్‌కు సంబంధించిన కొంత సోర్స్ కోడును విడుదల చేసింది. సోర్స్ ఇవ్వవలసిన బాధ్యత ఎంత పెద్ద కంపెనీకైనా తప్పదని ఆ ఉదంతం చూపించింది.

సమాధానం: అనంత_గ్యారేజి

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరును కాను. అనంతపురం వైపు వాహనాల మరమ్మతు వృత్తిలో ఉన్నాను. పై సమాధానాలన్నీ తయారీదారుల కోణంలోనే ఉన్నాయి కాబట్టి నా ప్రశ్నను ముందు పెడుతున్నాను. బండిలో ఇంత ఓపెన్ సోర్స్ చేరిన తరువాత యజమానికి ఏమి దక్కింది? తెర మెనూలో లోపలికి వెళితే పేజీలకు పేజీలు లైసెన్సుల పాఠం కనిపిస్తుంది. కానీ ఒక మాడ్యూలు మార్చాలంటే దానిని బండికి నమోదు చేయడానికి కంపెనీ పరికరమే కావాలి, కంపెనీ సర్వరు అనుమతే కావాలి. 2015లో కాలుష్య పరీక్షలను తప్పుదోవ పట్టించిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ ఇంజిన్ల మోసం బయటపడినప్పుడు, కోడు తెరిచి ఉంటే ఇది ఏనాడో తెలిసేదని చాలామంది అన్నారు. ఆ మోసం చేసిన ఇంజిన్ ఈసీయూల రకం కోడు ఈనాటికీ మూసే ఉంది కదా? తెరిచినది పాటలు వినిపించే భాగం. నిజంగా తెలుసుకోవలసిన భాగం తెరవలేదు.

సమాధానం: పాత_ఫర్మ్‌వేర్

గ్యారేజి గారూ, మీ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. దానికి నా దగ్గర ఖండన లేదు. పునాది పంచుకోవడం వల్ల లాభపడింది ముందుగా కంపెనీలే. 2025 జూన్‌లో జర్మనీ వాహన పరిశ్రమ సంఘం ఆధ్వర్యంలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్-బెంజ్, ఫోక్స్‌వ్యాగన్, విడిభాగాల సంస్థ బాష్ సహా 11 సంస్థలు ఉమ్మడి ఓపెన్ సోర్స్ పునాది కోసం ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఎక్లిప్స్ ఫౌండేషన్‌లో ఎస్-కోర్ పేరుతో ఆ పని బహిరంగంగానే సాగుతోంది. ఇందులో భద్రతా ప్రమాణాలను మొదటి నుంచే దృష్టిలో పెట్టుకోవడం నాకు ఆశ కలిగిస్తోంది. అయితే ఆ ఒప్పందం పరిధి వినియోగదారుడు చూడని, కంపెనీలు పోటీపడని పొరలే. ఇంజిన్ నియంత్రణ తర్కం అందులోకి రాదు. మరమ్మతు హక్కు కోసం చట్టాల ద్వారా విడిగా పోరాడవలసిందే. లైసెన్సు ఒక్కటే దానిని తెచ్చిపెట్టదు.

కోడు తెరిచి ఉంటే చాలు, లోపం ఏనాడో తెలిసేదన్న మాటతో మాత్రం కొంత విభేదిస్తాను. మూసి ఉంచితే సురక్షితమన్న వాదన కూడా నిలవదు, దానిని 2015లోనే జీప్ ఉదంతం దెబ్బతీసింది. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు మొబైల్ నెట్‌వర్కు ద్వారా నడుస్తున్న జీప్ చెరోకీలోకి చొరబడి చూపించారు. ఆ తరువాత 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆ తెర వెనుక ఉన్నది లినక్స్ కాదు, కోడు మూసి ఉన్న క్యూఎన్‌ఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అక్కడ తప్పు కెర్నెల్‌ది కూడా కాదు, బయటి నెట్‌వర్కుకు తెరిచి వదిలేసిన ఒక పోర్టుది, వినోద విభాగానికీ బండిని నడిపే భాగాలను కలిపే అంతర్గత నెట్‌వర్కు క్యాన్ బస్సుకూ మధ్య సరైన గోడ లేకపోవడానిది. అదేవిధంగా, 2024లో ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో ఎవరో పథకం ప్రకారం దొంగదారి పెట్టినప్పుడు, ఒక ఇంజినీరు లాగిన్ కొంచెం ఆలస్యమవుతోందని గమనించి కోడు తవ్విచూడగలిగాడు. కోడు తెరిచి లేకపోతే ఆ తవ్వకం అంత తేలికయ్యేది కాదు. తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో చూస్తారులే అనుకోవడం కూడా ప్రమాదమేనని అదే ఘటన చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు: గోల్కొండ_ఈసీయూ

అందరికీ కృతజ్ఞతలు. విభజన గురించిన వివరణతో నా ప్రధాన సందేహం తీరింది. ఇంకొకటి అడగాలి. కారు 15 ఏళ్లు రోడ్డు మీద ఉంటుంది. డిజైను మొదలైన నాటి నుంచి లెక్కిస్తే మరో మూడు నాలుగేళ్లు కలపాలి. అంతకాలం ఈ కోడుకు సవరణలు ఎవరిస్తారు? అలాగే, ఆటోసార్ నుంచి ఇటు మారేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: పాత_ఫర్మ్‌వేర్

మీరు అడిగినది ఈ మొత్తం చర్చలో అతి కష్టమైన ప్రశ్న. కెర్నెల్ దీర్ఘకాలిక వెర్షన్లకు ఒకప్పుడు 6 ఏళ్ల వరకు సవరణలు వచ్చేవి. ఆ పని మోసే నిర్వాహకులు అలసిపోతున్నారని, అంత పాత వెర్షన్లను వాడేవారు తక్కువని చెప్పి, సాధారణ గడువును 2 ఏళ్లకు తగ్గిస్తామని 2023లో ప్రకటించారు. రైళ్లు, విద్యుత్ కేంద్రాల వంటి వాటి కోసం పనిచేసే సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ కొన్ని ఎంచిన వెర్షన్లను కనీసం 10 ఏళ్లు కాపాడుతుంది. కానీ కారుకు అది కూడా చాలదు. కాబట్టి ఒక వెర్షనును పదిహేనేళ్లు భద్రపరచడం కంటే, రోడ్డు మీద ఉన్న బండిలోనే కెర్నెల్‌ను కొత్త వెర్షనుకు మార్చగలిగేలా మొదటి నుంచీ నిర్మించుకోవడమే దారి. దానికి చిప్పు తయారీదారు డ్రైవర్లు ప్రధాన కెర్నెల్‌లో ఉండాలి. ఆ తయారీదారు సొంతంగా అతికించిన ప్యాచీల మూట మీద ఆధారపడిన ప్రాజెక్టు మొదటి అప్‌గ్రేడు దగ్గరే చిక్కుకుపోతుంది. చిప్పు ఎంపిక సమావేశంలో మీకు మాట్లాడే అవకాశం వస్తే ఈ ప్రశ్ననే అడగండి.

నిబంధనలు కూడా ఇప్పుడు ఇదే కోరుతున్నాయి. ఐక్యరాజ్యసమితి నియమాలైన ఆర్155, ఆర్156 ప్రకారం సైబర్ భద్రతకు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు తయారీదారు వద్ద ఒక నిర్వహణ వ్యవస్థ ఉండాలి. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి కొత్తగా నమోదయ్యే వాహనాలన్నింటికీ ఇది తప్పనిసరి. అక్కడికి వెళ్లే బండి సాఫ్ట్‌వేర్ హైదరాబాదులో రాసినా, బెంగళూరులో రాసినా ఆ లెక్క చూపవలసిందే. ఓపెన్ సోర్స్ ప్యాకేజీలో లోపం బయటపడితే, దానిని రాసిన స్వచ్ఛంద కార్యకర్తకు మీ బండి పట్ల ఏ బాధ్యతా ఉండదు. లైసెన్సులోనే ఎటువంటి హామీ లేదని రాసి ఉంటుంది. దానిని తీసుకుని బండిలో పెట్టిన మనదే ఆ బాధ్యత. వాడుకునే కంపెనీలు చాలావరకు ఆ ప్రాజెక్టులకు మనుషులనూ సవరణలనూ తిరిగి ఇవ్వడం లేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సవరణను మన దగ్గరే దాచుకుంటే, ప్రతి కొత్త వెర్షనుకూ దానిని మళ్లీ మనమే అతికించుకోవలసి వస్తుంది.

మొదలుపెట్టడానికి మీకు బాగా తెలిసిన క్యాన్ నుంచే రండి. ఫోక్స్‌వ్యాగన్ పరిశోధన విభాగం రాసి ఇచ్చిన సాకెట్‌క్యాన్ 2008 నుంచి ప్రధాన కెర్నెల్‌లో ఉంది. నెట్‌వర్కు సాకెట్‌ను చదివినట్లే క్యాన్ సందేశాలను చదవవచ్చు. హార్డ్‌వేర్ ఏదీ లేకుండా మీ ల్యాప్‌టాపులోనే వీక్యాన్ అనే ఊహా బస్సును సృష్టించి, క్యాన్‌సెండ్‌తో సందేశం పంపి, క్యాన్‌డంప్‌తో చూడండి. అది చేతికి వచ్చాక, కొవెసా వారి వాహన సంకేతాల నిఘంటువు వీఎస్‌ఎస్‌ను తెరిచి, మీ బాడీ కంట్రోల్ మాడ్యూలులోని ఏ సంకేతం అందులో ఏ పేరుతో ఉందో వెతకండి. తరువాత యోక్టోతో ఏజీఎల్ ఇమేజీని నిర్మించి క్యూఈఎంయూ అనే అనుకరణ యంత్రంలో నడపండి. మొదటి బిల్డుకు గంటలు పడుతుంది, డిస్కులో చాలా చోటు కావాలి, మెమరీ తక్కువ ఉన్న ల్యాప్‌టాపులో అది మధ్యలోనే ఆగిపోవచ్చు.

మీ ఆటోసార్ అనుభవాన్ని మాత్రం పక్కన పెట్టకండి. లినక్స్ తెలిసినవారు చాలామంది దొరుకుతారు. ఒక లోపం బండిని ఏ స్థితికి తీసుకెళుతుందో ముందుగా రాసి చూపగలిగేవారు ఆ బృందాలలో తక్కువ, మీరు ఇన్నాళ్లూ చేసిన పని అదే. ప్రాజెక్టులో చేరిన మొదటి వారంలోనే ఏ విభాగం ఏ ఏసిల్ కిందికి వస్తుందో తెలిపే బొమ్మను అడగండి. అది లేదని చెబితే, దానిని మీరే గీయడం మొదలుపెట్టండి.